మోకాలికీ పెడలుకూ ముడి

పొంతన లేని రెండు విషయాలను ఒకచోట చేర్చే వానిని చూచి "బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టాడు" అని మన పెద్దలు ఎగతాళి చేస్తారు. మోకాలు నొప్పిగా ఉన్నదని చెప్పే విద్యార్థిని "నీ సైకిలు సీటు ఎత్తు ఎంత? నీ చెప్పు అడుగుభాగం ఒకసారి చూపించు" అని అడిగితే, విన్నవారికి అదికూడ అటువంటి ముడిగానే తోచవచ్చు. కాని ఈ ముడి కల్పితం కాదు. సైకిలు తొక్కేవారి మోకాటి నొప్పులలో చాలవాటికి మూలం మోకాలిలో ఉండదు. దానికి పైనున్న సీటులోనో, కిందనున్న పెడలుపై పాదం నిలిచే తీరులోనో ఉంటుంది. ఆ సంగతిని సాధ్యమైనంత సులభంగా వివరించడమే మా ఉద్దేశం.

భద్రాచలం ప్రాంతంలో సైకిలు వినోద వస్తువు కాదు. గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న సారపాక నుండి వారధి మీదుగా వచ్చేవారు, దుమ్ముగూడెం దారిలోని పల్లెల నుండి వచ్చేవారు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాక వైపు నుండి రోజూ రాష్ట్రపు సరిహద్దు దాటి వచ్చేవారు ఉన్నారు. వీరిలో ఎందరికో సైకిలే వాహనం. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణ వసతి కలిగింది. అది మేలైన ఏర్పాటే. అయినప్పటికీ బస్సు పెద్ద దారి వరకే వస్తుంది. అడవి అంచున ఉన్న గూడెం నుండి ఆ దారి వరకు గల నాలుగైదు కిలోమీటర్లు నడవాలి, లేదా సైకిలు తొక్కాలి.

అటువంటి ఇంటి నుండి వచ్చే విద్యార్థినికి మోకాలు నొప్పి పట్టుకుంటే అది శరీర బాధతో ఆగిపోదు. హాజరు పట్టీలోకి ప్రవేశిస్తుంది. మొదట వారానికి ఒకరోజు, తరువాత రెండురోజులు తరగతి తప్పుతుంది. కొద్దికాలానికి "సైకిలు నీ ఒంటికి పడదు, ఇక చదివింది చాలు" అనే మాట ఇంటిలో వినిపించడం మొదలవుతుంది. ఆ లోపల తైలం మర్దన చేస్తారు, కాపడం పెడతారు, మందుల దుకాణంలో నొప్పి బిళ్లలు కొంటారు. పానా తీసి సీటును అంగుళం పైకి లేపుదామన్న ఆలోచన మాత్రం చాలమందికి రాదు. పైసా ఖర్చులేని ఆ పనికి పది నిమిషాలు చాలును.

మోకాలు ఒక మధ్యవర్తి

మోకాలిని ఉర్దూలో ఘుట్నా అంటారు. ఏ భాషలో పిలిచినా దాని నిర్మాణం ఒక్కటే. తుంటి కీలు గిన్నెలో గుండు వంటిది. అన్ని వైపులకూ తిరుగుతుంది. చీలమండ కీలుకు కూడ కొంత స్వేచ్ఛ కలదు. ఈ రెండింటి నడుమ నున్న మోకాలు ముఖ్యంగా తలుపు బందువంటి కీలు. అది ముడుచుకుంటుంది, చాచుకుంటుంది. పక్కలకు మెలితిరిగే శక్తి దానికి బహు స్వల్పం. దాని ముందు మోకాటిచిప్ప ఉన్నది. తొడ ముందుభాగపు బలమైన కండరం ఈ చిప్పను పట్టుకొని, దాని ద్వారా కాలి ఎముకను లాగుతుంది. మోకాలు ఎంత ఎక్కువగా ముడిచి ఉండగా మనము బలం ప్రయోగిస్తే, చిప్పకూ దాని వెనుకనున్న ఎముకకూ నడుమ ఒత్తిడి అంత పెరుగుతుంది.

నడిచేటప్పుడు పాదం తనకు వీలైన చోట, వీలైన దిక్కున పడుతుంది. రాయి తగిలితే తరువాతి అడుగు సర్దుకుంటుంది. సైకిలుపై ఆ వీలు లేదు. పైన నడుము సీటుకు అతుక్కొని ఉన్నది. కింద పాదం పెడలుకు అతుక్కొని ఉన్నది. పెడలు గీసే వలయం ఎన్నడూ మారదు. రెండు కొసలూ ఇట్లు బందీలైనప్పుడు నడుమనున్న మోకాలు వాటి తగవులో నలిగిపోయే మధ్యవర్తి అవుతుంది. పైవాడు చేసిన తప్పునూ, కిందివాడు చేసిన తప్పునూ అదే మోయవలసి వస్తుంది.

ఎన్నిసార్లు మోయాలో లెక్కవేద్దాం. గేర్లు లేని మామూలు సైకిలు పెడలును ఒక చుట్టు తిప్పితే సుమారు 5 నుండి 6 మీటర్ల దూరం పోతుంది. అంటే పది కిలోమీటర్లకు ఒక్కొక్క మోకాలు 1,700 నుండి 2,000 సార్లు ముడుచుకొని చాచుకుంటుంది. పోను, రాను కలిపితే దినానికి నాలుగువేల వరకు వస్తుంది. పోటీలలో తొక్కేవారు నిమిషానికి 80 నుండి 90 చుట్లు తిప్పుతారు కాబట్టి గంటకు 4,800 నుండి 5,400 సార్లు అవుతుంది. ఒక్కసారి జరిగితే లెక్కకు రాని చిన్న లోపం నాలుగువేల సార్లు, అదే చోట, అదే తీరున జరిగితే గాయమవుతుంది. కొద్ది మిల్లీమీటర్ల సవరణకు ఇంతటి విలువ కలగడానికి కారణం ఇదే.

ఫ్రాన్సు చెప్పిన పాఠం

ఈ సత్యాన్ని ప్రపంచం పందెపు సైకిళ్ల ద్వారా స్పష్టంగా తెలుసుకున్నది. ఫ్రాన్సు దేశపు బెర్నార్ ఇనో పేరు సైక్లింగు చరిత్రలో చిరస్మరణీయం. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో 1978, 1979 సంవత్సరాలలో విజేత అయిన అతడు 1980లోనూ అందరికంటె ముందుండి, నాయకునికి ఇచ్చే పసుపు చొక్కా ధరించి ఉండగానే, మోకాటి నొప్పి వలన నడుమనే పందెం విడిచిపోవలసి వచ్చింది. 1983లో మరల మోకాలు బాధించి, శస్త్రచికిత్స అవసరమైంది. అంతటి బలశాలిని ప్రత్యర్థులు దించలేకపోయినా, ఒక కీలు దించగలిగింది.

ఆ రోజులలో పందెగాళ్లు పాదాన్ని పెడలుపై నిలుపుకోవడానికి లోహపు పంజరం వంటి టో క్లిప్పును, తోలు పట్టీని వాడేవారు. బూటు అడుగున గాడి ఉన్న చిన్న ముక్కను మేకులతో కొట్టేవారు. ఆ గాడి పెడలు అంచున కూర్చునేది. ఆ ముక్క పేరే క్లీటు. దానిని కొట్టే ముందు వారు పాటించిన ఒక పద్ధతి గమనింపదగినది. కొత్త బూట్లతో క్లీటు లేకుండానే కొన్నిరోజులు తొక్కేవారు. పెడలు అంచులు మెత్తని తోలు అడుగుపై గీతలుగా పడేవి. ఆ గీతల వెంటనే క్లీటును కొట్టేవారు. పాదం ఎక్కడ, ఎటు తిరిగి ఉండదలచిందో ముందుగా దానినే చెప్పనిచ్చి, ఆపైన బిగించేవారన్న మాట.

1984లో లుక్ అనే ఫ్రెంచి సంస్థ కొత్తరకం పెడలును తెచ్చింది. మంచుపై జారే ఆటలో బూటును పలకకు బిగించే మీటలు తయారుచేసిన అనుభవం ఆ సంస్థకు ఉన్నది. అదే ఉపాయాన్ని సైకిలుకు తెచ్చారు. బూటు అడుగుకు మరలతో బిగించిన క్లీటును పెడలుపై నొక్కితే టక్కున పట్టుకుంటుంది. మడమను బయటకు తిప్పితే వదులుతుంది. మరుసటి సంవత్సరం, 1985లో, ఇనో ఆ పెడళ్లతోనే తన ఐదవ టూర్ విజయాన్ని సాధించాడు. తోలు పట్టీల కాలం క్రమంగా ముగిసింది.

అయితే తొలి పెడళ్లు పాదాన్ని ఇసుమంతైనా కదలనీయకుండ పట్టి ఉంచేవి. క్లీటు ఒక డిగ్రీ వంకరగా బిగిస్తే పాదం ఆ వంకరలోనే వేలసార్లు తిరగాలి. పాదం ఒప్పుకొన్నా మోకాలు ఒప్పుకోలేదు. నొప్పులు పెరిగాయి. అందువలన 1980ల చివరి నాటికి, పట్టు వదలకుండానే మడమ కొద్దిగా అటూ ఇటూ ఆడగల పెడళ్లు వచ్చాయి. నేడు లుక్ క్లీట్లు మూడు రంగులలో దొరుకుతాయి: నలుపు రంగుది ఏ మాత్రం ఆడదు, బూడిద రంగుది 4.5 డిగ్రీలు ఆడుతుంది, ఎరుపు రంగుది 9 డిగ్రీలు. జపాను సంస్థ షిమానో రోడ్డు పందెపు క్లీట్లలో ఎరుపు కదలనిది, నీలం 2 డిగ్రీలది, పసుపు 6 డిగ్రీలది. ఒక సంస్థలో ఎరుపు అత్యంత స్వేచ్ఛకు గుర్తు, మరొక సంస్థలో అదే ఎరుపు పూర్తి బిగింపుకు గుర్తు. రంగు చూచి కొనేవారు ఇక్కడ పొరపడకూడదు. కొత్తగా నేర్చేవారికి కొంత కదలిక ఉన్నదే మేలు.

ఫ్రాన్సులో లక్షల ఖరీదు చేసే సైకిలు చెప్పిన పాఠం మన దుమ్ముగూడెం దారికి కూడ వర్తిస్తుంది. పాదం ఉన్న తీరే మోకాలి గతిని నిర్ణయిస్తుంది. క్లీటు ఆ నిర్ణయాన్ని ఇనుమడింపజేస్తుంది, అంతే.

నొప్పి చోటు చెప్పే కబురు

నొప్పి ఎక్కడ పుట్టిందో గమనిస్తే లోపం ఎక్కడ ఉన్నదో చాలవరకు ఊహించవచ్చు.

మోకాలి ముందు, చిప్ప చుట్టూ నొప్పి ఉంటే సీటు మరీ కిందికి ఉన్నదనో, మరీ ముందుకు ఉన్నదనో అనుమానించాలి. మోకాలు అతిగా ముడిచి ఉండగానే బలంగా తొక్కవలసి రావడం దీనికి కారణం. క్యారియరుపై బరువు పెట్టుకొని ఎత్తు ఎక్కడం, గేర్లు ఉన్న సైకిలుపై బరువైన గేరుతో నెమ్మదిగా తొక్కడం కూడ ఇదే నొప్పిని తెస్తాయి.

మోకాలి వెనుక, మడత దగ్గర నొప్పి ఉంటే సీటు మరీ పైకి గాని, మరీ వెనుకకు గాని ఉండవచ్చు. పెడలు అట్టడుగుకు చేరినప్పుడు కాలు సాగిపోయి, వెనుకనున్న కండరాలు లాగబడతాయి. ఇటువంటివారిని వెనుకనుండి చూస్తే సీటుపై నడుము అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తుంది.

మోకాలికి లోపలి పక్కనో, బయటి పక్కనో నొప్పి ఉంటే సాధారణంగా పాదం తన సహజమైన దిక్కు తప్పిందని భావించాలి. కాలివేళ్లు అతిగా బయటకు తిరిగి ఉంటే లోపలి పక్క, అతిగా లోపలికి తిరిగి ఉంటే బయటి పక్క బాధించడం తరచుగా కనిపించే సంగతి. సీటు అతి ఎత్తుగా ఉండడం కూడ బయటి పక్క నొప్పికి దోహదం చేస్తుంది.

ఒక్క మోకాలే బాధిస్తుంటే ఆ వైపు పెడలును ప్రత్యేకంగా చూడాలి. సైకిలు ఎప్పుడైనా కిందపడి పెడలు ఇరుసో, దానిని మోసే క్రాంకో కొంచెం వంగి ఉంటే, ప్రతి చుట్టులోనూ పాదం ఒక పక్కకు ఒరుగుతుంది. వెనుకనుండి చూస్తూ పెడలును చేతితో తిప్పితే ఆ ఊగులాట కంటికి తెలుస్తుంది. దానికి మందు వైద్యుని వద్ద లేదు, సైకిలు మేస్త్రి వద్ద ఉన్నది.

మొదట సీటు

పాదం సంగతి చూడక ముందే సీటును సరిచేయాలి. సీటు తప్పుగా ఉండగా పాదాన్ని ఎంత సవరించినా ప్రయోజనం లేదు.

సైకిలును గోడకు ఆనించి, రోజూ వాడే చెప్పులతోనో బూట్లతోనో సీటుపై నిటారుగా కూర్చోవాలి. పెడలును అట్టడుగుకు తెచ్చి, దానిపై మడమను ఉంచాలి. నడుము ఒక పక్కకు ఒరగకుండా కాలు తిన్నగా చాచుకుంటే ఎత్తు సరిపోయినట్లే. ఇప్పుడు మడమను తీసి పాదం ముందుభాగాన్ని పెడలుపై ఉంచితే మోకాలు స్వల్పంగా ముడిచి ఉంటుంది. ఈ వంపు 25 నుండి 35 డిగ్రీల నడుమ ఉండడం మంచిదని నిపుణుల అభిప్రాయం.

టేపు దొరికినవారికి మరొక లెక్క కలదు. చెప్పులు విడిచి గోడకు వీపు ఆనించి నిలబడి, నేలనుండి తొడల సందు వరకు కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణించాలి. వచ్చిన సంఖ్యయే క్రాంకులు తిరిగే ఇరుసు మధ్యనుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం. ఉదాహరణకు 76 సెంటీమీటర్ల కొలత గలవారికి ఇది సుమారు 67 సెంటీమీటర్లు. 1986లో టూర్ గెలిచిన తొలి అమెరికా పౌరుడు గ్రెగ్ లెమాండ్ ఈ లెక్కకు ప్రచారం కల్పించాడు. ఇది శాసనం కాదు. మొదలుపెట్టడానికి ఒక ఆధారం మాత్రమే.

తరువాత సీటు ముందు వెనుకలు. రెండు క్రాంకులనూ నేలకు సమాంతరంగా నిలిపి, తాపీమేస్త్రి గోడ నిలువు చూచే తూకపు గుండు వలె ఒక దారానికి బరువైన నట్టు కట్టాలి. ముందునున్న కాలి మోకాటిచిప్ప కిందనుండి దానిని వేలాడదీయాలి. దారం పెడలు ఇరుసు మీదుగా పోతే సరిపోయినట్లు. ఇరుసుకు బాగా ముందు పడితే సీటును వెనుకకు, బాగా వెనుక పడితే ముందుకు జరపాలి. ఈ జరుపుడు వలన ఎత్తు కూడ కొద్దిగా మారుతుంది కాబట్టి మరల మడమ పరీక్ష చేయాలి.

మన ప్రాంతంలో అధికంగా కనిపించేది పల్లపు సీటు. రెండు పాదాలూ నేలకు ఆనితేనే భయం ఉండదన్న భావంతో సీటును అట్టడుగుకు దించి తొక్కుతారు. సీటుపై కూర్చొనే రెండు పాదాలనూ నేలపై మోపనవసరం లేదు. ఆగేటప్పుడు సీటునుండి ముందుకు జారి ఒక పాదాన్ని ఆనించడం అలవాటు చేసుకుంటే చాలును. జంకు ఉన్నవారు వారానికి ఒక సెంటీమీటరు చొప్పున పైకి లేపుకోవచ్చు. అయితే సీటు రాడ్డుపై లోపల ఉండవలసిన కనీసపు భాగాన్ని తెలిపే గీత ఉంటే, అది బయటకు కనిపించేంత ఎత్తు లేపరాదు.

పెరిగే వయస్సును కూడ మరువరాదు. ఎనిమిదవ తరగతిలో అమర్చిన సీటు ఇంటర్మీడియేటులో పనికిరాదు. 2006లో బీహారు ప్రభుత్వం ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లు ఇచ్చే పథకాన్ని ప్రారంభించి దేశానికి దారి చూపింది. అటువంటి పథకాలలో వచ్చే సైకిళ్లు సాధారణంగా ఒకే కొలతవి. పిల్లల కాళ్లు మాత్రం ఒకే కొలతవి కావు. సైకిలు ఇచ్చిన చేయి సీటు సరిచేయదు. ఆ పని మనదే.

చెప్పు అడుగున ఉన్న చిత్తరువు

క్లీట్లు మన ఊరిలో అరుదు. మన విద్యార్థులు చెప్పులతోనే తొక్కుతారు. వారికి కూడ పైన చెప్పిన తోలు బూటు పద్ధతి ఉపకరిస్తుంది. కొన్ని నెలలు తొక్కిన చెప్పును తిరగవేసి చూడండి. పెడలు రబ్బరు ఒరిసిన చోట అరుగుదల గుర్తు కనిపిస్తుంది. పాదం ఎక్కడ ఆనుతున్నదో చెప్పే చిత్తరువు అది.

గుర్తు బొటనవేలి మొదటి కీలు కిందనో, దానికి కొంచెం వెనుకనో ఉండాలి. వేళ్లు పాదానికి కలిసే చోట గట్టిగా, గుండ్రంగా ఉబ్బి ఉండే భాగం అది. గుర్తు పాదం నడిమి వంపు కింద ఉంటే, పాదం మరీ ముందుకు జారి పోతున్నదని అర్థం. సీటు పల్లంగా ఉన్నవారిలోను, వదులు చెప్పులు వేసేవారిలోను ఇది కనిపిస్తుంది. గుర్తు మరీ వేళ్ల కిందనే ఉంటే పిక్కలకు, మడమ పైనున్న నరానికి శ్రమ ఎక్కువ. మోకాలి ముందు కూడ ఒత్తిడి పెరుగుతుంది. ఎడమ, కుడి చెప్పుల గుర్తులు ఒకే విధంగా లేకపోతే, ఒక కాలు సీటు లోపాన్నో, వంగిన పెడలునో సర్దుకుంటున్నదని గ్రహించాలి.

హవాయి చెప్పులతో మరొక చిక్కు ఉన్నది. పలుచని అడుగు పెడలుపై మడతపడుతుంది. చెప్పు జారిపోకుండా వేళ్లు బిగబట్టవలసి వస్తుంది. వెనుక పట్టీ ఉన్న చెప్పులు, కొంచెం గట్టి అడుగు గల గుడ్డబూట్లు మేలు. పెడలు రబ్బర్లు అరిగి నున్నబడితే మార్పించాలి. జారే పెడలుపై పాదాన్ని నిలుపుకోవడానికి మోకాలు అనవసరంగా మెలిపడుతుంది.

క్లీట్లు అమర్చుకొనే క్రమం

హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో ప్రారంభమైంది. పై చదువులకు, ఉద్యోగాలకు నగరం చేరిన మన విద్యార్థులు అక్కడ క్లీట్ల బూట్లు ధరించినవారిని చూచి ఉంటారు. కొందరు తామూ కొనుక్కుంటారు. బూట్లతోబాటు క్లీట్లను అమర్చుకొనే జ్ఞానం దుకాణంలో దొరకకపోవచ్చు. కనుక క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

మొదటిది, ముందు వెనుకల స్థానం. బూటు తొడుక్కొని బొటనవేలి మొదటి కీలును వేలితో తడిమి, బూటు లోపలి పక్కన గుర్తు పెట్టాలి. చిటికెనవేలి మొదటి కీలు ఇంకొంచెం వెనుక ఉంటుంది. దానిని బయటి పక్కన గుర్తించాలి. పెడలు ఇరుసు ఈ రెండు గుర్తుల నడుమ పడేటట్లు క్లీటును ఉంచాలి. ఎటూ తేలకపోతే ముందుకంటె వెనుకకు ఉండడమే మోకాలికి క్షేమం.

రెండవది, దిక్కు. ఎత్తయిన బల్లపై కూర్చొని కాళ్లను వదులుగా వేలాడదీయాలి. పాదాలు ఎటు చూస్తున్నాయో గమనించాలి. కొందరికి వేళ్లు కొంచెం బయటకు, కొందరికి తిన్నగా ఉంటాయి. రెండు పాదాలూ ఒకే తీరున ఉండాలన్న నియమం లేదు. ఆ సహజమైన దిక్కునే క్లీటుకు ఇవ్వాలి. ఇక్కడ ఒక తికమక ఉన్నది. క్లీటు ముక్కు ఎప్పుడూ పెడలుతోబాటు ముందుకే చూస్తుంది. కావున బూటుపై క్లీటు ముక్కును సైకిలు వైపు, అంటే లోపలికి తిప్పితే, పెడలుపై కాలివేళ్లు బయటకు తిరుగుతాయి. బయటకు తిప్పితే వేళ్లు లోపలికి వస్తాయి. కోరిన దానికి ఎదురు దిక్కున తిప్పాలన్న మాట.

మూడవది, పక్కల దూరం. ఒక మిత్రుని ఎదురుగా నిలబెట్టి తొక్కాలి. మోకాలు పైకీ కిందికీ ఒకే నిలువు గీతపై పోవాలి. మోకాలు సైకిలు నడిమి కడ్డీ వైపు వంగినా, రెక్కవలె బయటకు పోయినా, క్లీటును పక్కకు కొద్దిగా జరిపి చూడాలి. క్లీటును లోపలికి జరిపితే పాదం సైకిలుకు దూరమవుతుంది. బయటకు జరిపితే దగ్గరవుతుంది.

నాలుగవది, బిగింపు. మరలకు కొంచెం గ్రీజు రాసి, ఒకదాని తరువాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించాలి. చాల క్లీట్లకు 5 నుండి 6 న్యూటన్ మీటర్ల బిగింపు చాలును. మొదటి రెండు మూడు సవారీల తరువాత మరల చూడాలి. పెడలు పట్టు ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించే స్ప్రింగును తొలిరోజులలో వదులుగా ఉంచాలి. రోడ్డెక్కక ముందే గోడ పట్టుకొని, మడమ బయటకు తిప్పి విడిపించుకోవడం పదులసార్లు అభ్యసించాలి.

ఐదవది, ఓర్పు. మార్చే ముందు క్లీటు చుట్టూ కలంతో గీత గీయాలి. నచ్చకపోతే తిరిగి వెనుకటి స్థానానికి రావచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అదీ ఒకటి రెండు మిల్లీమీటర్లే. రెండు మూడు రోజులు తక్కువ దూరం తొక్కి చూడాలి. సీటు, క్లీటు, హ్యాండిలు మూడింటినీ ఒకేనాడు మార్చినవారికి ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు. క్లీటు అరిగి పెడలుపై ఊగుతుంటే ఎంత సరిగా అమర్చినా ఫలితం లేదు, కొత్తది వేయాలి.

అమరిక తీర్చలేనివి

అమరికతో అన్ని నొప్పులూ పోతాయని మేము చెప్పడం లేదు. మోకాలు వాచినా, వేడెక్కినా, కదలకుండ పట్టుకుపోయినా, బరువు మోపితే ఒరిగిపోయినా, రాత్రి పడుకున్నప్పుడు కూడ సలిపినా, కిందపడిన తరువాత నొప్పి మొదలైనా, పానా పక్కన పెట్టి వైద్యుని చూడాలి. అమరిక సరిచేసి, కొన్నిరోజులు విశ్రాంతి ఇచ్చి, రెండు మూడు వారాలు చూచినా తగ్గని నొప్పికి కూడ ఇదే మార్గం. నొప్పి బిళ్ల వేసుకొని తొక్కడం మాత్రం మంచిది కాదు. నొప్పి ఒక హెచ్చరిక. దానిని నోరు మూయించి అదే పనిని కొనసాగిస్తే లోపలి గాయం పెరుగుతుంది.

తొక్కే తీరు కూడ తోడు రావాలి. సెలవుల తరువాత మొదటి రోజే పూర్తి దూరం వేగంగా తొక్కరాదు. గోదావరి వారధిపై ఎదురుగాలి వీచినప్పుడు పంతానికి పోరాదు. గేర్లు లేని సైకిలుపై బరువుతో ఎత్తు వచ్చినప్పుడు దిగి నడిపించుకోవడంలో అవమానం ఏమీ లేదు. గేర్లు ఉన్నవారు తేలిక గేరుతో ఎక్కువ చుట్లు తిప్పడం, బరువు గేరుతో తక్కువ చుట్లు తిప్పడంకంటె మోకాలికి హితవు.

మా మనవి ఒక్కటే. ప్రతి కళాశాల సైకిలు షెడ్డులో ఒక పానా, ఒక టేపు, నట్టు కట్టిన ఒక దారం ఉంచవచ్చు. ఇద్దరు విద్యార్థులు ఒకరి సైకిలును ఒకరు చూచుకుంటే పది నిమిషాల పని. ఒకే సైకిలును ఇద్దరు పంచుకునే ఇళ్లు మన ప్రాంతంలో చాల ఉన్నాయి. పెద్దదానికి సరిపోయిన సీటు చిన్నదానికి సరిపోదు. అటువంటివారు సీటు రాడ్డుపై రంగుతో రెండు గీతలు పెట్టుకోవాలి, ఒకటి అక్కకు, ఒకటి చెల్లెలికి. ఎవరు ఎక్కితే వారి గీతకు సీటును జరుపుకుంటే సరి.